ఎక్కడ వేసిన గొంగడి: నూట ఎనభై రోజుల ప్రాజెక్టు డైరీ

రోజు 1, జూన్ 8

ఇవాళ మృగశిర కార్తె. నారాయణపేట జిల్లాలోని మా మక్తల్‌లో చేపల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. నేను పొద్దున్నే బండి మీద ఊరికి వెళ్లి, పెద్దనాన్న నేసి దూలానికి వేలాడదీసిన నాలుగు నల్ల గొంగళ్లు కొని తెచ్చాను. ఒక్కొక్కటి 2,500 రూపాయలు. బేరమాడలేదు. ఇంకో ఎనిమిదింటికి వెయ్యి చొప్పున బయానా కూడా ఇచ్చాను. తూకం యంత్రం, ప్యాకింగు కవర్లు, టేపు, కొలత పట్టీ కలిపి 2,600. రెండేళ్లుగా దాచుకున్న 38,000లో 20,600 ఒక్క పూటలో చేయి దాటింది.

చేయబోయేది చెప్పడానికి తేలికే. మా కురుమ ఇళ్లలో నేసే గొంగడిని ఫోను ద్వారా, ఆన్‌లైన్ వేదికల ద్వారా నేరుగా కొనేవాళ్లకు అమ్మాలి. నాకు బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. కంప్యూటర్ తెలుసు, గొంగడి తెలుసు. రెండింటినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన మూడేళ్ల నాటిది.

ఇది నా నాలుగో ప్రయత్నం. యూట్యూబు ఛానల్ 41 రోజులు నడిపాను. టీషర్టుల మీద బొమ్మలు వేయించి అమ్మే పని రెండు నెలలు సాగింది. ఫోను కవర్లు మూడు వారాలు. వీటిలో ఏదీ నష్టం వచ్చి మూతపడలేదు. మొదటి ఉత్సాహం తగ్గాక, ఎవరూ పలకని రోజులు వరుసగా వచ్చినప్పుడు నేనే వదిలేశాను. అందుకే ఈసారి డబ్బు లెక్కతో పాటు రోజుల లెక్క కూడా రాస్తాను.

పెట్టుకున్న నియమం ఇది. 180 రోజుల పాటు, దుకాణం మూశాక రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఈ పనే. ఒక ఫొటో గానీ వీడియో గానీ పెట్టాలి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలి, ఖాతా పుస్తకంలో ఆ రోజు సంగతి రాయాలి. మూడూ చేస్తే టిక్కు. అమ్ముడైందా లేదా అన్నదానికి టిక్కు లేదు, అది నా చేతిలో ఉన్న పని కాదు కాబట్టి.

రోజు 4

ఫొటోలు కుదరలేదు. నల్ల ఉన్ని ట్యూబులైటు కింద బొగ్గు ముద్దలా కనిపిస్తోంది. అసలు అందులో ఉన్నది ఒక్క నలుపు కాదు. గోధుమ రంగు, బూడిద రంగు, ఎండకు కాలిన ఎరుపు, అన్నీ కలిసిన నలుపు. రంగు వేసింది కాదు, గొర్రె ఒంటి మీద పుట్టిందే. అది కనిపించకపోతే కొనేవాడికి మిల్లు కంబళికీ దీనికీ తేడా ఏమి తెలుస్తుంది? పొద్దున ఏడు గంటలకు డాబా మీద, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే పోగు పోగూ కనిపించింది. ఇకపై ఫొటోలు పొద్దునే తీసి, రాత్రి పెడతాను.

రోజు 9

ఈ రోజు మొత్తం పార్సిలు లెక్కతో గడిచింది. వివరంగా రాస్తున్నాను, ఉన్నిగానీ దుప్పట్లుగానీ పంపే ఎవరికైనా పనికొస్తుంది.

గొంగడి ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కవరుతో కలిపి తూకం 2 కిలోల 200 గ్రాములు. మామూలుగా మడిచి 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 20 ఎత్తున్న పెట్టెలో పెట్టాను. కొరియరు అతను తూకం చూడనే లేదు, టేపు తీసి పెట్టెను కొలిచాడు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది పరిమాణపు బరువు. 45, 35, 20 గుణిస్తే 31,500. దాన్ని 5,000తో భాగిస్తే 6.3 కిలోలు. అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. అంటే రెండు కిలోల వస్తువుకు ఆరున్నర కిలోల డబ్బు కట్టాలి. హైదరాబాదుకే 610 రూపాయలు అన్నాడు.

ఇంటికి తెచ్చి విప్పాను. ఉన్నిలో ఉన్నదంతా గాలే. పొడవును ఆరు మడతలు, వెడల్పును నాలుగు మడతలు వేసి, దాని మీద చెక్క పీట పెట్టి నేను కూర్చున్నాను. నా భార్య చుట్టూ నూలు తాడు బిగించింది. పెట్టె మానేసి, మందపాటి కవరులో దూర్చి, అంచులు లోపలికి తోసి టేపు వేశాం. 38, 30, 10. గుణిస్తే 11,400, అంటే 2.28 కిలోలు. రెండున్నర కిలోల చార్జీ, 270 రూపాయలు. ఒక్కో గొంగడి మీద 340 రూపాయలు మిగిలాయి. ఇంకా ఒక్కటీ అమ్మలేదు, అయినా ఈ రాత్రి చాలా సంతోషంగా ఉంది.

పార్సిలు అందుకున్నవాళ్లు విప్పి ఒక రోజు నీడలో ఆరవేస్తే ఉన్ని మళ్లీ పొంగుతుంది. ఆ మాట చీటీ మీద రాసి లోపల పెట్టాలి.

రోజు 16

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ, ఒక పెద్ద అమ్మకాల వేదికలో రాష్ట్రం లోపలి వరకు ఖాతా. ధర 3,600, పంపే ఖర్చు అందులోనే. లోగో కోసం రెండు రాత్రులు పోగొట్టాను. ఎవరూ అడగలేదు, ఇక దాన్ని ముట్టుకోను.

రోజు 23, జూన్ 30

మొదటి ఆర్డరు వచ్చింది! హైదరాబాదు నుంచి. కూతురి పెళ్లికట. మా ఇళ్లలో పెళ్లికొడుకును, పెళ్లికూతురిని గొంగడి మీద కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఊరు వదిలి ముప్పై ఏళ్లయిన కుటుంబం, గొంగడి ఎక్కడ దొరుకుతుందో తెలియక ఫోనులో వెతికారు. ‘నల్లదే కావాలి బాబూ, తెల్ల చార ఒక్కటి కూడా ఉండకూడదు’ అని ఆ పెద్దావిడ రెండుసార్లు చెప్పారు. నాలుగింటినీ డాబా మీద పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, చార లేనిది ఏరి పంపాను.

రోజు 37

ఆ పెళ్లి గొంగడి తర్వాత పద్నాలుగు రోజులుగా ఒక్క ప్రశ్న కూడా రాలేదు. రోజూ ఫొటో పెడుతున్నాను. చూసినవాళ్లు ఇరవై, ముప్పై మంది. అందులో సగం మా బంధువులే.

సాయంత్రం ఒక మిత్రుడు దుకాణానికి వచ్చాడు. మంచివాడు, నా మేలు కోరేవాడు. 15,000 కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాడట. సరుకు మనం కొననక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, ఎక్కడివాడి సరుకో ఎక్కడివాడికో అమ్మితే చాలు, మూడు నెలల్లో నెలకు లక్ష అని చెప్పారట. ‘నువ్వు ఉన్ని మోస్తూ కూర్చున్నావు. నాతో రా’ అన్నాడు.

రాత్రి ఎనిమిదిన్నరకు పుస్తకం తెరిచాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, మనసు లాగింది. పాత మూడు పనులూ సరిగ్గా ఇలాంటి వారంలోనే వదిలాను. వదిలిన ప్రతిసారీ కొత్తది ఒకటి తలుపు దగ్గర నిలబడి ఉంది. కొత్తదానిలో ఇంకా ఖాళీ రోజులు రాలేదు కాబట్టే అది బాగా కనిపిస్తుంది. యూట్యూబు ముందు టీషర్టులు అలాగే కనిపించాయి, టీషర్టుల ముందు ఫోను కవర్లు.

ఫొటో పెట్టాను. టిక్కు వేశాను. మిత్రుడికి ఇంకా జవాబు చెప్పలేదు.

రోజు 39

బయానాలో తయారైన గొంగళ్లు తేవడానికి ఊరికి వెళ్లాను. వెళ్లేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పెద్దనాన్న ఇంటి ముందు బాటలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, సాగదీసి ఉంది. రెండు చివరలా గుంజలు, మధ్య కర్రల ఊతం. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, కాచిన గంజిని పెద్దమ్మ బొక్కెనలో తెచ్చింది. పెద్దనాన్న రెండు చేతులా పెద్ద కుంచె పట్టుకుని పడుగు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే విసురులో నడిచాడు. వెనక్కి తిరిగి మళ్లీ నడిచాడు. గంజి తడికి దారం మీద లేచి ఉన్న నూగంతా ఒక దిక్కుకు వాలిపోయి, పోగు నున్నగా, గట్టిగా అవుతుంది. అలా కాకపోతే మగ్గం మీద పోగులు ఒకదానికొకటి చిక్కుకుని తెగుతాయి. ఎండ ముదిరితే గంజి ముందే ఆరిపోతుంది, అందుకే ఈ పని తెల్లవారుజామునే. ఎన్నిసార్లు నడిచాడో లెక్కపెడదామనుకుని ముప్పై దాటాక మరిచిపోయాను. అరవై ఆరేళ్ల మనిషి.

తర్వాత చాయ్ తాగుతుంటే పెద్దమ్మ మామూలుగా ఒక ప్రశ్న అడిగింది. ‘పక్క ఊరి మందకు కోత వేస్తున్నారట. నాలుగు కిలోల ఉన్ని తీసుకుని ఉంచమంటావా? నువ్వు వద్దంటే నేను కూలికి పోతా.’

ఆమె ఏడాదిన్నరగా రాట్నం ముట్టలేదు. నేను జూన్‌లో బయానా ఇచ్చాకే అటక మీది నుంచి దింపింది. ఆమెతో పాటు మరో ఇద్దరు వడుకుతున్నారు. ఫోనులో నాకు వినిపించని చప్పుడు ఇక్కడ మూడు ఇళ్లలో వినిపిస్తోంది. రాత్రుళ్లు నేను ఒంటరిగా పని చేస్తున్నాననుకున్నాను, అది తప్పు.

‘తీసుకో పెద్దమ్మా’ అన్నాను. ఉన్ని డబ్బు కూడా అక్కడే ఇచ్చాను. అంతకంటే ముఖ్యంగా ఒక మాట ఇచ్చాను: డిసెంబర్ దాకా పెద్దనాన్న నేసిన ప్రతి గొంగడీ నేనే కొంటాను, అమ్ముడైనా కాకపోయినా, అదే 2,500కు.

దారిలో బండి ఆపి మిత్రుడికి ఫోను చేసి రానని చెప్పాను.

రోజు 44

రెండో ఆర్డరు. పుణె నుంచి. పాలమూరు నుంచి కూలి పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబపు పిల్లవాడు. వాళ్ల తాత వానాకాలంలో గొంగడిని తల మీదుగా కొప్పెర వేసుకుని మేకలు కాసేవాడట. జీఎస్టీ నంబరు లేక వేదిక ద్వారా రాష్ట్రం దాటి పంపలేనని చెబితే, హైదరాబాదులో ఉన్న అక్క చిరునామా ఇచ్చాడు. జీఎస్టీ సంగతి తేల్చాలి.

రోజు 52

మూడోది వెళ్లింది, మూడోది వెనక్కి వచ్చింది. ‘వెంట్రుకల్లా గుచ్చుకుంటోంది, పిల్లలు పడుకోలేకపోతున్నారు’ అని రాశారు. రానూపోనూ కొరియరు ఖర్చు నా మీద పడింది.

దుకాణంలో విన్నవాళ్లు ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంది’ అని సామెత చెప్పి ఆ కొన్నవారిని తప్పుబట్టారు. నేను అలా అనుకోవడం లేదు. దక్కని నల్లగొర్రె ఉన్ని మొరటుగా ఉంటుందని మాకు తెలుసు, వాళ్లకు ఎవరు చెప్పారు? నేను పెట్టిన వివరణలో ‘వెచ్చగా, మెత్తగా’ అని ఉంది. ‘మెత్తగా’ అన్నది నేను రాసిన అబద్ధం. ఇంకెక్కడో చూసి రాసిన మాట.

ఈ రాత్రి గంట పూర్తిగా ఆ వివరణ మీదే పెట్టాను. ఇప్పుడు ఇలా ఉంది: ‘ఇది గుచ్చుతుంది. ఒంటికి నేరుగా కాకుండా, కింద పరుచుకోవడానికి, పలుచటి దుప్పటి మీద కప్పుకోవడానికి. మొదటి వారం ఉన్ని వాసన ఉంటుంది, నీడలో ఆరవేస్తే తగ్గుతుంది. యంత్రంలో ఉతకకూడదు. నాలుగు చినుకులకు తడవదు, జడివానకు తడుస్తుంది, తడిస్తే బరువెక్కుతుంది.’

రోజు 61, ఆగస్టు 7

జాతీయ చేనేత దినోత్సవం. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7కు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. చేనేత అనగానే మన దగ్గర నారాయణపేట చీర, గద్వాల చీర, పుట్టపాక తేలియా రుమాలు గుర్తుకొస్తాయి. ఆ మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు చెబితే కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. గొంగడి కూడా చేతి మగ్గం మీద నేసిందే. కానీ ఊరిలో దాన్ని వస్త్రంగా ఎవరూ చూడరు.

అందుకే ఇవాళ కుంచె పని వీడియో పెట్టాను, మాటలు లేకుండా, పెద్దనాన్న అడుగుల చప్పుడుతో. 54 సెకన్లు. రాత్రికి నాలుగు వేల మంది చూశారు. ఇన్నాళ్లూ వస్తువును చూపించాను, పనిని చూపించలేదు.

రోజు 66

ఈ సంఖ్యకు ఒక కథ ఉంది. 21 రోజులు చేస్తే అలవాటు అయిపోతుందని చాలామంది అంటారు, నేనూ నమ్మాను. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. ఒక పని ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది.

నాకు ఇవాళ 66వ రోజు. అలవాటయిందా? సగం అయింది. పుస్తకం తెరవడానికి ఆలోచించడం లేదు. వీడియో తీయడానికి మాత్రం ఇంకా బద్ధకిస్తున్నాను. గత నెలలో జ్వరం వచ్చి నాలుగు రోజులు టిక్కు పడలేదు. పాత నేను అయితే ‘వరుస తెగింది, ఇంకెందుకు’ అనుకుని అక్కడే ఆపేవాడిని. ఐదో రోజు కూర్చున్నాను, అంతే.

రోజు 78

జీఎస్టీ నంబరు వచ్చింది. దరఖాస్తుకు ప్రభుత్వం రుసుము ఏమీ తీసుకోదు. ఆధార్ ధ్రువీకరణ, దుకాణం అద్దె పత్రం, కరెంటు బిల్లు, బ్యాంకు వివరాలు. 2023 అక్టోబర్ నుంచి చిన్న వ్యాపారులు జీఎస్టీ లేకుండానే ఆన్‌లైన్ వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో సరుకు అమ్ముకోవచ్చు. ఇన్నాళ్లూ నేను చేసింది అదే. కానీ మా మక్తల్ నుంచి బస్సెక్కి కృష్ణా నది దాటితే రాయచూరు. అది వేరే రాష్ట్రం. మాకు సంతకు వెళ్లినంత దూరం, నియమాల లెక్కలో వేరే దేశమంత దూరం.

ఆడిటరుకు 1,500 ఇచ్చి అన్నీ అడిగాను. నంబరు వచ్చాక అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి. సున్నా రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. ఏడాదికి 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు మూడు నెలలకు ఒకసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, నేను అదే ఎంచుకున్నాను. నా దుకాణానికి ఎంతోమంది నంబరు తీసుకుని, పని మానేసి, రిటర్నులు మరిచిపోయి, రెండేళ్ల తర్వాత అపరాధ రుసుము కాగితాలతో వచ్చారు. పని ఆపేవాళ్లు నంబరు కూడా పద్ధతిగా రద్దు చేసుకోవాలి. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

రోజు 85, ఆగస్టు 31

పది గొంగళ్లు నిల్వ ఉన్నాయి. అంటే 25,000 రూపాయలు బీరువాలో మడిచి ఉన్నాయి. ఆగస్టులో అమ్ముడైనవి రెండే.

వాన తేమకు ఉన్ని పురుగు పట్టింది. కింది వరుసలోని గొంగడి విప్పితే అంచు దగ్గర రెండు చిల్లులు, పక్కన బియ్యపు గింజంత గూడు. అన్నీ బయట వేసి దులిపి, ఎండబెట్టి, మడతల మధ్య ఎండిన వేపాకు పెట్టాం. చిల్లుల గొంగడిని పెద్దనాన్న అదే ఉన్నితో రఫ్ఫు చేశాడు. వేలితో తడిమితేనే తెలుస్తుంది. అయినా దాన్ని కొత్తదని అమ్మను.

ఇకపై పదిహేను రోజులకోసారి అన్నీ విప్పి చూడాలి. పుస్తకంలో తేదీలు వేసుకున్నాను.

రోజు 100

సెప్టెంబర్‌లో ఇప్పటికి రెండు. జవాబు ఎంత తొందరగా ఇస్తే అంత మంచిదని తేలింది. గంటలోపు జవాబిచ్చిన వారిలో నలుగురిలో ఒకరు కొన్నారు. మరుసటి రోజు జవాబిచ్చిన వారిలో ఒక్కరూ కొనలేదు. కాబట్టి నియమాన్ని కొద్దిగా మార్చాను. ప్రశ్నలకు రాత్రి దాకా ఆగను, జిరాక్సు కాగితాలు తిరుగుతున్నప్పుడే జవాబిస్తాను.

ఆ మిత్రుడు కూడా ఇవాళ వచ్చాడు. ఆ కోర్సు వదిలేశాడు. నేను ఏమీ అనలేదు. అతని ఊర్లో ఇద్దరు ముసలివాళ్లు గొంగడి నేసేవారని చెప్పి, కావాలంటే పరిచయం చేస్తానన్నాడు.

రోజు 143, అక్టోబర్ 28

కురుమూర్తి జాతర. దీపావళి తర్వాత చిన్నచింతకుంట మండలంలో కొండ కింద కొన్ని వారాలు దుకాణాలు వెలుస్తాయి. స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం నాడు నేల ఈనినట్టు జనం. మూడు గొంగళ్లు తీసుకెళ్లి పరిచాను. రఫ్ఫు చేసిన దాన్ని విడిగా పెట్టి, చిల్లులు ఎక్కడ ఉండేవో వేలితో చూపించి 2,200 చెప్పాను. మొదట అదే అమ్ముడైంది. మిగతావి మూడు వేల పైన పోయాయి.

ఒక గొర్రెల కాపరి వచ్చి గొంగడి అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి ‘ఇది నల్లజీవాల ఉన్నే’ అన్నాడు. అతని మందలో ఇప్పుడు అలాంటివి లేవట. 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు మా వైపు ఒక్కో యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. మా ఊరికి వచ్చినవి నెల్లూరు రకం. వాటికి వెంట్రుకలే తప్ప వడకడానికి ఉన్ని ఉండదు. మాంసానికి మంచివి, కాపరికి ఆదాయం, ఆయన తప్పు ఏమీ లేదు. కానీ ఒక గొంగడికి ఎనిమిది, పది నల్లగొర్రెల కోత ఉన్ని కావాలని పెద్దనాన్న చెబుతాడు. నాకు కొనేవాళ్లు దొరకడం కంటే ఉన్ని దొరకడం కష్టమయ్యే రోజు రావచ్చు.

కొండ దగ్గర సిగ్నలు లేదు. రెండు రోజులు టిక్కు పడలేదు.

రోజు 163

నవంబర్ మూడో వారం, చలి మొదలైంది. ఈ నెలలో ఇప్పటికే ఏడు ఆర్డర్లు. నెలకు నేసేది నాలుగు. నిల్వ వేగంగా తరుగుతోంది.

మధ్యాహ్నం ఒక టోకు వ్యాపారి ఫోను చేశాడు. నా పేజీ చూశాడట. యంత్రంపై నేసిన నల్ల కంబళ్లు ఒక్కొక్కటి 600కు ఇస్తాడు, ఎన్ని కావాలంటే అన్ని. ‘ఫొటోలో తేడా ఎవరికి తెలుస్తుంది అన్నా? ముసలాయన వీడియో ఉంది కదా, అది చాలు’ అన్నాడు.

వద్దని అక్కడే చెప్పాను. రాత్రి రాస్తుంటే మాత్రం చేయి వణికింది, కోపంతో. జూలైలో ఎవరూ పలకనప్పుడు నిలబడటమే కష్టమనుకున్నాను. గిరాకీ వచ్చాక నిలబడటం ఇంకో కష్టం, దాని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. జూలైలో నా ఎదుట ఉన్నది ఖాళీ పెట్టె. ఇప్పుడు ఎదుట ఉన్నది ఒక్కోదాని మీద రెండున్నర వేలకు పైగా లాభం. పెద్దనాన్న అడుగుల చప్పుడును అరువు తెచ్చుకుని మిల్లు సరుకు అమ్మితే, ఆ 54 సెకన్లలో ఆయన నడిచిన నడకంతా నేను దొంగిలించినట్టే.

పేజీలో ఒక మాట పెట్టాను: ‘నెలకు నాలుగు మాత్రమే నేస్తారు. ముందు పేరు ఇచ్చిన వారికి ముందు. డబ్బు గొంగడి తయారయ్యాకే ఇవ్వండి.’ ముగ్గురు మానుకున్నారు. ఐదుగురు పేరు ఇచ్చి ఆగారు.

రోజు 171

ఒకటి వెనక్కి వచ్చింది, చిరునామా తప్పు. పరవాలేదు, వరుసలో ఉన్నవారిలో మొదటి వ్యక్తికి వెళుతుంది.

రోజు 180, డిసెంబర్ 4

లెక్క రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో 21 వెళ్లాయి, రెండు వెనక్కి వచ్చాయి, నికరంగా 19. జాతరలో 3. మొత్తం 22. కొన్నవి 24, నిల్వ 2. మొదటి పెట్టుబడి సామాను, ఆడిటరు, వెనక్కి వచ్చిన పార్సిళ్ల ఖర్చు అన్నీ పోను చేతిలో మిగిలింది 9,400 రూపాయలు. నెలకు పదహారు వందలు కూడా కాదు. ఊరికి వెళ్లింది 60,000, మగ్గానికీ మూడు రాట్నాలకూ. టిక్కులు 169. పడనివి 11: జ్వరం నాలుగు, మేనమామ పోయినప్పుడు మూడు, కరెంటు లేక రెండు, జాతర రెండు.

‘ఎక్కడ వేసిన గొంగడి అక్కడే’ అని మనవాళ్లు కదలని పనిని అంటారు. మొదటి రెండు నెలలు ఆ సామెత ఎవరు అన్నా నాకే తగిలినట్టుండేది. ఇవాళ పొద్దున పెద్దమ్మకు ఫోనులో లెక్క చదివి వినిపిస్తే ఆమె ఒక్కటే అడిగింది: ‘మరి ఉన్ని?’

మిత్రుడు చెప్పిన ఆ ఇద్దరిలో ఒకాయన ఇంకా నేస్తున్నాడు, మగ్గం గుంటలో దిగడం మాత్రం కష్టంగా ఉందట. ఆయన మనవడు నేర్చుకుంటానన్నాడు. వచ్చే వారం వాళ్ల ఊరికి వెళ్లాలి. మాగనూరు వైపు ఒక మందలో నలభై నల్లజీవాలు మిగిలాయని తెలిసింది. వచ్చే కోతకు ఇప్పుడే బయానా ఇస్తే ఉన్ని మనకే ఉంచుతారు. మిగిలిన 9,400 దానికే పోతుంది.

కొత్త పుస్తకం కొన్నాను. రేపు పెద్దనాన్న పడుగు సాగదీస్తున్నాడు. ఈ చలికి ఆయన చేతులు పట్టేస్తున్నాయి, ఒక కొస నుంచి నేను కుంచె పట్టాలి. అలారం నాలుగున్నరకు పెట్టాను.